రాడార్‌కు ముందు వేపచెట్టును నేర్పండి

మా కాలేజీలో ఈసీఈ ఫైనల్ ఇయర్ పిల్లలు కాగ్నిటివ్ రాడార్ (పరిసరాలను నేర్చుకుని తనే సర్దుకునే రాడార్) ప్రాజెక్టు కోసం వచ్చి మొదట అడిగేది ఒకటే: "సార్, ఏ న్యూరల్ నెట్‌వర్క్ పెట్టమంటారు?" మోడల్ సంగతి చివర్లో చూద్దాం అంటాను. ముందు రాడార్‌ను కిటికీలో పెట్టి, ఎదురుగా ఏముందో దానికి తెలియనివ్వాలి.

మా ల్యాబ్ మొదటి అంతస్తు కిటికీ నుంచి హన్మకొండ - కాజీపేట రోడ్డు కనిపిస్తుంది. అక్కడ 24 గిగాహెర్ట్జ్ ఎఫ్‌ఎంసీడబ్ల్యూ (ఫ్రీక్వెన్సీ మారుస్తూ ఆగకుండా తరంగం పంపే) మాడ్యూల్ పెట్టాం. 250 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (ఫ్రీక్వెన్సీ మారే వెడల్పు) వాడితే 60 సెంటీమీటర్ల తేడా ఉన్న రెండు వస్తువులను వేరు చేయగలదు. బస్సులు, ఆటోలు సులువుగానే దొరుకుతాయి. ఇబ్బందంతా గేటు పక్క వేపచెట్టుతోనే. గాలికి ఆకులు అటూ ఇటూ ఊగితే డాప్లర్ (కదలిక వల్ల తిరిగొచ్చే తరంగం ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) సున్నాకు రెండువైపులా పరుచుకుంటుంది. మనిషి నడక వేగం సెకనుకు మీటరు చుట్టూ, అంటే దాదాపు 160 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వాన ముందు ఈదురుగాలి లేస్తే ఆ మనిషి ఆకుల సందడిలో కలిసిపోతాడు.

అందుకే మొదటి పని క్లట్టర్ మ్యాప్, అంటే చెట్టు, గోడ లాంటి అక్కర్లేని ప్రతిధ్వనుల పటం. ప్రతి దూరం, ప్రతి వేగం గడికి మామూలుగా ఎంత శక్తి తిరిగొస్తుందో సగటు రాసుకుంటూ పోవాలి. కొత్త ఫ్రేముకు (ఒక విడత కొలతకు) ఎంత విలువ ఇవ్వాలన్నదే కీలకం. సెకనుకు 20 ఫ్రేములు వస్తూ, ఆ విలువ 0.05 అయితే మ్యాప్ జ్ఞాపకం ఒక్క సెకను. స్టాపులో ఆగిన బస్సు కాసేపటికే గోడలా నేపథ్యంలో కలిసిపోతుంది. 0.001 పెడితే జ్ఞాపకం 50 సెకన్లు. ఇంకోటి: టార్గెట్ ఉందని తేలిన గడిని ఆ ఫ్రేములో అప్‌డేట్ చేయకండి.

దీని మీద సీఫార్, అంటే చుట్టూ ఉన్న శక్తిని బట్టి గడపను మారుస్తూ తప్పుడు అలారాల రేటును ఒకేలా ఉంచే పద్ధతి. పక్కనున్న 16 గడుల సగటు తీసుకుని, తప్పుడు అలారం అవకాశం పదివేలల్లో ఒకటి కావాలంటే గడప (దాటితేనే టార్గెట్ అనుకునే హద్దు) ఆ సగటుకు సుమారు 12.4 రెట్లు ఉండాలి. బస్సు పక్కనే ఆటో వెళ్తే ఈ సగటు మోసం చేస్తుంది. బస్సు శక్తి గడపను పైకి లేపి ఆటోను మింగేస్తుంది. అలాంటి చోట 1983లో జర్మన్ ఇంజినీరు హెర్మన్ రోలింగ్ చెప్పిన ఆర్డర్ స్టాటిస్టిక్ పద్ధతి మేలు: 16 విలువలను చిన్న నుంచి పెద్దకు పేర్చి 12వది తీసుకోవాలి. దానికి గుణకం వేరేగా లెక్కకట్టుకోవాలి.

ఇదంతా వినే వైపు తెలివి మాత్రమే. 2006లో పరిశోధకుడు సైమన్ హేకిన్ కాగ్నిటివ్ రాడార్ గురించి రాసినప్పుడు గట్టిగా చెప్పింది ఇంకో మాట: విన్నదాన్ని బట్టి రాడార్ తర్వాత పంపే తరంగం కూడా మారాలి. గబ్బిలం అదే చేస్తుంది, పురుగు దగ్గరపడేకొద్దీ అరుపులను దగ్గరదగ్గరగా వేస్తుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, పిల్లలు తొందరపడి దాటేసేదీ ఇదే.

మా దగ్గర రెండు తరంగాలు చాలు. ఒకటి 100 మైక్రోసెకన్ల చిర్పులు (ఫ్రీక్వెన్సీ క్రమంగా మారే చిన్న తరంగాలు) 256: గంటకు 112 కిలోమీటర్ల దాకా వేగం తికమక లేకుండా తెలుస్తుంది. రెండోది 200 మైక్రోసెకన్లవి 512: 56 దాటితే తికమకే, కానీ సెకనుకు 6 సెంటీమీటర్ల వేగం తేడా కూడా పట్టుకుంటుంది. ఆకుల మధ్య నడిచే మనిషికి ఇది కావాలి. గడుల సైజు మారుతుంది కాబట్టి ఒక్కో తరంగానికి క్లట్టర్ మ్యాప్ విడిగా ఉంచండి.

ఎప్పుడు ఏది పంపాలో కాల్మన్ ఫిల్టర్ (పాత అంచనానూ కొత్త కొలతనూ కలిపి టార్గెట్ దూరం, వేగం లెక్కకట్టేది) చెబుతుంది. దూరంలో అనిశ్చితి ఎంత, వేగంలో ఎంత అన్నది దాని కోవేరియన్స్‌లోనే ఉంటుంది. మొదట మామూలు ఇఫ్-ఎల్స్ రూలు రాయండి. అది నమ్మకంగా పనిచేశాక బాండిట్ అల్గారిథమ్ (ఏది ఎక్కువ ఫలితమిస్తుందో వాడి చూసి నేర్చుకునేది) పెట్టండి. వెచ్చించిన ప్రతి మిల్లీసెకనుకు అనిశ్చితి ఎంత తగ్గిందో అదే రివార్డు. అయితే ఫిల్టర్ తన అనిశ్చితిని తక్కువ చేసి చూపిస్తే రివార్డు కూడా అబద్ధమవుతుంది. కాబట్టి ఇన్నోవేషన్ (అంచనాకూ కొలతకూ ఉన్న తేడా) వర్గాన్ని దాని కోవేరియన్స్‌తో భాగించి సగటు చూడండి. దూరం, వేగం రెండూ కొలుస్తుంటే అది 2 దగ్గర ఉండాలి. బాగా దాటిందంటే ఫిల్టర్‌ను సరిచేసేదాకా లెర్నింగ్ ఆపండి.

రికార్డింగ్‌లో ఒక చిక్కుంది. ఒకే తరంగంతో రికార్డు చేసిన డేటాను తిరిగి నడిపి, తరంగాన్ని మార్చే తెలివిని పరీక్షించలేం. పంపని తరంగానికి జవాబు ఆ ఫైల్లో ఉండదు కదా. రెండు తరంగాలనూ ఒకదాని తర్వాత ఒకటి పంపుతూ ముడి డేటా దాచుకోండి. అప్పుడు అల్గారిథమ్ ఏది అడిగితే దానికి దగ్గరి ఫ్రేము ఇవ్వొచ్చు.

ఎండాకాలం డేటా ఒక్కటే సరిపోదు. వానలో ఆకులు తడిసి రేడియో తరంగాలను వేరేలా తిప్పికొడతాయి, చినుకులే కొత్త ప్రతిధ్వని అవుతాయి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి కదులుతుంటే రోడ్డు రూపమే మారిపోతుంది. ఆ రోజుల రికార్డింగ్ దొరికితే ట్రైనింగ్‌లో కలపకుండా విడిగా పెట్టి, చివరి పరీక్ష దాని మీద పెట్టండి.