మిద్దె మీద కూరగాయలు: పెంచడం ఒక ఎత్తు, లేతగా కోసి వండుకోవడం ఇంకో ఎత్తు

నిన్న సాయంత్రం మా మిద్దె మీద కోసినవి చెప్తా. బెండకాయలు ఆరు, వంకాయలు మూడు, అరచెయ్యంత సొరపిందె ఒకటి, టమాటాలు నాలుగు, గుప్పెడు బచ్చలాకు. వీటిల్లో ఏ ఒక్కటీ విడిగా కూరకి చాలదు, కానీ అన్నీ కలిపి ముక్కల పులుసు పెడితే నలుగురం రెండు పూటలు తిన్నాం. ఇంటి తోట అంటే ఇదే అని ముందే అనుకుని మొదలుపెట్టండి. బజారు మానేసేంత పండించాలని అనుకుంటే మొదటి సంవత్సరమే ఉసూరుమంటుంది. రోజూ ఏదో ఒకటి లేతగా చేతికి రావాలి అనుకుంటే మాత్రం నాలుగు బకెట్లతో కూడా బ్రహ్మాండంగా ఉంటుంది.

ఏం పెంచాలి అని చాలామంది అడుగుతారు. మీ ఇంట్లో వారంలో రెండుసార్లు వండే కూర ఏదో అదే పెంచండి. మాది విజయవాడ, మా ఇంట్లో గోంగూర, తోటకూర, వంకాయ, బీరకాయ లేకుండా వారం గడవదు కాబట్టి అవే ముందు పెట్టాం. బ్రోకలీ, క్యాప్సికం లాంటివి తర్వాత సరదాకి చూసుకోవచ్చు, మన ఎండలకి అవి ఓపిక పరీక్షిస్తాయి.

డబ్బాల సంగతి. ఆకుకూరలకి అరడుగు లోతున్న టబ్బు చాలు, వెడల్పు ఎక్కువ ఉండాలి. వంగ, మిర్చి, టమాటా, బెండకి 20 లీటర్ల పెయింట్ బకెట్ సరిపోతుంది, శుభ్రంగా కడిగి అడుగున నాలుగైదు బొక్కలు పెట్టుకోండి. సొర, బీర, కాకర లాంటి పాదులకి మాత్రం పిసినారితనం వద్దు, పెద్ద డ్రమ్ము సగానికి కోసి పెట్టండి, చిన్న కుండీలో పెడితే తీగ పాకుతుంది గానీ కాయ నిలవదు. డ్రమ్ము పాతది కొంటే అందులో ఇంతకుముందు ఏం పోశారో అడగండి, కెమికల్స్ పోసినదైతే ఎంత చవకైనా వద్దు. ఇంకోటి, తడి మట్టితో ఒక్కో బకెట్ 20 కిలోలు దాటుతుంది, అందుకని బరువైనవన్నీ స్లాబు మధ్యలో కుప్పగా పెట్టకుండా గోడల వెంబడి, దూలాల మీదుగా పెట్టుకోండి. కింద రెండేసి ఇటుకలు పెడితే నీళ్ళు నిలవవు, స్లాబు చెమ్మెక్కదు.

మట్టి విషయంలో నాకు దెబ్బ తగిలింది. మొదటి ఏడాది ఎవరో మాగిన ఎరువు అని ఇచ్చింది తెచ్చి నింపేశాను, అది సగం పచ్చి పేడే, లోపల వేడెక్కి వంగనారు మొత్తం మూడు రోజుల్లో వాడిపోయింది. అప్పట్నుంచి ఎరువు చేతిలోకి తీసుకుని వాసన చూడందే కొనను. మాగినదైతే పేడ వాసన రాదు, వాన పడ్డ మట్టి వాసన వస్తుంది, నలిపితే పొడిపొడిగా రాలుతుంది. నేను కలిపే కొలత, ఎర్రమట్టి నాలుగు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు మూడు పాళ్ళు, కొబ్బరిపొట్టు మూడు పాళ్ళు, బకెట్‌కి రెండు గుప్పెళ్ళ వేపపిండి. కలిపి తడిపి పది రోజులు వదిలేసి అప్పుడు నాటుతాను. ఆ తర్వాత నెలకోసారి మొక్క మొదట్లో కాస్త మట్టి గుల్ల చేసి రెండు గుప్పెళ్ళ ఎరువు వేస్తే చాలు.

కార్తెలు చూసుకునే అలవాటు పెద్దవాళ్ళది, అది మిద్దె మీద కూడా పనిచేస్తుంది. జూన్ రెండో వారంలో మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడగానే బెండ, బీర, సొర, కాకర, గోరుచిక్కుడు గింజలు పెట్టేయండి, అదే వారం వంగ, మిర్చి నారు పోసుకోండి. టమాటా వానాకాలంలో కంటే సెప్టెంబర్, అక్టోబర్‌లో నాటితే చలికాలమంతా కాస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పూత వచ్చినట్టే వచ్చి రాలిపోతుంది, రాత్రుళ్ళు కూడా వేడి తగ్గకపోతే టమాటా పిందె కట్టదు, అది మీ తప్పు కాదు, ఎరువు మీద ఎరువు పొయ్యొద్దు.

పందిరి చిక్కుడు గురించి మాత్రం వేరే చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని అన్యాయంగా పీకేస్తారు. ఆషాఢంలో పెడితే శ్రావణం, భాద్రపదం అంతా ఒట్టి ఆకు, తీగ, ఒక్క పువ్వు ఉండదు, ఇది గొడ్డుతీగ అని తీసేస్తారు. నాటు చిక్కుడు పగలు పొట్టిగా అయితేగానీ పూయదండీ, దాని స్వభావమే అది. ఓపిక పడితే కార్తీకంలో గుత్తులు గుత్తులు పూసి, సంక్రాంతికి కాయలు కోయలేక మీరే చుట్టుపక్కల ఇళ్ళకి పంచుతారు, రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేయడానికి, ఆకుల్లో పరమాన్నం పెట్టడానికి కూడా బయట కొనక్కర్లేదు.

ఇక పాదుల దగ్గర అందరూ పడే బాధ, పూలు బోలెడు పూస్తున్నాయి, పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి అని. ముందు వచ్చేవన్నీ మగపూలే, పది పదిహేను రోజులు అవే వస్తాయి, కంగారు వద్దు. ఆడపువ్వుకి వెనకాల చిన్న పిందె అంటుకుని ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. మిద్దె మీదకి తేనెటీగలు సరిగ్గా రాకపోతే ఆ పిందెకి పుప్పొడి అందక ఎండిపోతుంది, అప్పుడు మనమే చేతితో చేయాలి. మగపువ్వు కోసి రేకులు తీసేసి మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి, అంతే. కానీ టైం ముఖ్యం. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి వాటికి దీపాలు పెట్టే వేళ చేయాలి, గుమ్మడి, కాకర, దోస పొద్దున్నే విచ్చుకుంటాయి కాబట్టి వాటికి కాఫీ తాగకముందే వెళ్ళాలి. ఇది తెలియక నేను బీరపూలకి ఒక నెలంతా పొద్దున పూట అద్దుతూ కూర్చున్నాను, ఒక్కటీ నిలవలేదు, సాయంత్రానికి మార్చిన వారంలో నాలుగు కాయలు నిలిచాయి. సొరతీగకి ఏడెనిమిది ఆకులు రాగానే కొన తుంచేయండి, పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటి మీదే వస్తాయి.

నీళ్ళు పొద్దున్నే పోయాలి, రోజూ పోయాలనేం లేదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ రోజు వద్దు. ఒక రోజు ఎండబెట్టి మర్నాడు ముంచెత్తితే టమాటాలు పగులుతాయి, అడుగు భాగం నల్లబడుతుంది. రోహిణి కార్తెలో మాత్రం రెండు పూటలా పోయాల్సిందే, పైన ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి మట్టి మీద ఎండుటాకులు పరిస్తే మొక్కలు ఆ ఎండలు తట్టుకుంటాయి.

పురుగులకి మందు కంటే ముందు కళ్ళు కావాలి. రోజూ ఆకు తిప్పి అడుగున చూస్తే సగం పని అయిపోయినట్టే. చిక్కుడుకి పేనుబంక, అంటే లేత కొనలకి గుంపుగా పట్టే చిన్న పురుగులు, పడితే నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టండి, రెండ్రోజులకోసారి అలా చేస్తే పోతుంది. తగ్గకపోతే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కుంకుడుకాయ రసం కాస్త కలిపి ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా కొట్టండి, కుంకుడు రసం లేకపోతే నూనె నీళ్ళల్లో కలవదు. మిర్చి ఆకులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి (మంచం నల్లి కాదు, ఆకు రసం పీల్చే చిన్న పురుగు). వంగకి నీళ్ళు పోసినా ఒక కొమ్మ కొన తలవాల్చిందంటే లోపల పురుగు తొలుస్తోందని, ఆ కొనని రెండంగుళాలు కిందికి కోసి పురుగుతో సహా సబ్బు నీళ్ళల్లో పడేయండి. బెండ ఆకుల్లో ఈనెలు పసుపెక్కి వల లాగా కనిపిస్తే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, దానికి వైద్యం లేదు, ఆ మొక్క పీకేస్తేనే మిగతావి బతుకుతాయి.

ఇప్పుడు కోత, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. బజారులో కాయ బరువు తూగాలి, లారీలో నలగకుండా ఉండాలి కాబట్టి ముదిరేదాకా ఉంచుతారు. మనకి ఆ అవసరం లేదు. బెండకాయ పువ్వు పూసిన ఐదారు రోజులకి కొన టక్కున విరుగుతుంది, అప్పుడే కోయాలి, రోజు మార్చి రోజు కోయాలి, ఒక్కటి చెట్టు మీద ముదరనిచ్చారంటే చెట్టు బలమంతా ఆ గింజలకే పోయి కాపు తగ్గిపోతుంది. వంకాయ తళతళలాడుతున్నప్పుడే కోయండి, మెరుపు తగ్గిందంటే లోపల గింజ ముదిరినట్టే. బీరకాయని గోరుతో గిచ్చితే నీరు ఉబికి రావాలి, అలాంటి కాయ పొట్టు పారేయకుండా పచ్చిమిర్చి, చింతపండు వేసి పచ్చడి చేస్తే అన్నంలో ఇంకేం అక్కర్లేదు. తోటకూర మొత్తం పీకొద్దు, రెండు కణుపులు వదిలి పైన కోస్తే మళ్ళీ రెండు మూడుసార్లు చిగురిస్తుంది. ఒక జాగ్రత్త, సొరకాయ గానీ బీరకాయ గానీ కోశాక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి, ఎంత కష్టపడి పెంచినదైనా సరే, ఆ చేదు వాంతులు, విరేచనాల దాకా తీసుకెళ్తుంది, ఉడికించినా పోదు.

ముక్కల పులుసు ఎలాగో చెప్పేస్తా. సొర ముక్కలు, వంకాయ ముక్కలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఉప్పు పసుపు వేసి ముందు ఉడకనివ్వాలి, చింతపండు ముందే పోస్తే ముక్క గట్టిగా ఉండిపోతుంది. బెండకాయలు విడిగా చెంచాడు నూనెలో జిగురు పోయేదాకా వేయించి కలపండి, టమాటా, బచ్చలి చివర్లో. ముక్క మెత్తబడ్డాక నిమ్మకాయంత చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క, కారం, చెంచాడు బియ్యప్పిండి నీళ్ళల్లో కలిపి పోసి చిక్కబడేదాకా మరిగించి, ఆవాలు మెంతులు ఎండుమిర్చి ఇంగువతో పోపు పెట్టండి, కరివేపాకు కూడా మిద్దె మీదదే అయితే ఆ వాసన వేరు. పక్కన ముద్దపప్పు, నెయ్యి.

సీజన్ చివర్లో ఒక మంచి బీరకాయని తీగ మీదే ఎండనివ్వండి, నాటు రకమైతేనే, హైబ్రిడ్ గింజ పెడితే అదే కాయ రాదు. ఊపితే గింజలు గలగలమన్నప్పుడు కోసి, గింజలు దులిపి బూడిదలో కలిపి సీసాలో పెట్టుకోండి, వచ్చే మృగశిరకి కొనక్కర్లేదు. మిగిలిన పీచు గిన్నెలు తోముకోడానికి పనికొస్తుంది.