పేరు తెలీని మొక్క మొలిచిందా, పీకేముందు ఇవి చూడండి

తోటలో ఏదో మొక్క దానంతటదే మొలిస్తే వెంటనే పీకేయకండి పాపం, ముందు ఆకులు ఎదురెదురుగా జతలుగా వచ్చాయా, ఒకటి విడిచి ఒకటి వచ్చాయా చూడండి. తర్వాత చిన్న ఆకు తుంచండి, పాలు కారితే మాత్రం జాగ్రత్త, కళ్ళకి అస్సలు తగలనివ్వద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి, పచ్చగన్నేరు కూడా అలాంటిదే, మొక్కంతా విషమే. పాలు లేకుండా, కాండం వేళ్ళ మధ్య తిప్పితే నాలుగు పలకలుగా తగిలి, ఆకు నలిపితే ఘాటుగా వాసనొస్తే తులసి, పుదీనా కుటుంబం అయ్యుండొచ్చు. యాప్‌లో ఫోటో పెడితే వచ్చే పేరుని గుడ్డిగా నమ్మొద్దు, పువ్వు పూసాక మళ్ళీ చూస్కోండి, అప్పటిదాకా నోట్లో పెట్టుకోవద్దు. నీళ్ళంటారా, మట్టిలో రెండంగుళాలు వేలు పెట్టి చూసి పొడిగా ఉంటేనే పోయండి, ఆకులు మందంగా కండపట్టి ఉంటే ఇంకా తక్కువ. పేరు తేలేదాకా ఎరువు జోలికి పోవద్దు.