బఠాణీలు, పుల్లలతో ఘనాకారాలు

పిల్లలతో ఘనాకారాలు చేయించడానికి ఎండు బఠాణీలను ముందురోజు రాత్రే నానబెట్టండి. 8 గంటలు చాలు. మరీ నానితే పుల్ల గుచ్చగానే విచ్చిపోతాయి. టూత్‌పిక్‌లన్నీ ఒకే పొడవుండాలి, లేదంటే సమఘనం వంకరపోతుంది.

మూలల్లో బఠాణీలు పెట్టి 4 పుల్లలతో చదరం, అలాంటిదే ఇంకొకటి. రెంటినీ 4 నిలువు పుల్లలతో కలిపితే సమఘనం: 12 అంచులు, 8 శీర్షాలు (మూలలు). వేలితో నెడితే పక్కకు ఒరుగుతుంది. తప్పు పిల్లలది కాదు, చదరానికి బిగువుండదు. 6 పుల్లలు, 4 బఠాణీలతో చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం) చేయించండి. అది ఒరగదు, అన్నీ త్రిభుజాలే కదా! మర్నాటికి బఠాణీలు ఎండి పుల్లల్ని గట్టిగా పట్టేస్తాయి.

చిక్కల్లా ముఖాల దగ్గరే. ఖాళీని పిల్లలు ముఖంగా లెక్కపెట్టరు. ఒక్కో ఖాళీకీ కాగితం ముక్క ఆనించి చూపితే సమఘనానికి 6 ముఖాలు తేలతాయి. స్థూపం, శంకువు పుల్లలతో కుదరవు. వాటికి పాలపొడి డబ్బా, పల్లీల పొట్లం.