అమెరికా ఎన్నికల ఫలితం చూసే పద్ధతి

"ఎవరికి ఎక్కువ ఓట్లు పడ్డాయిరా?" అని మా పిన్ని గుంటూరు నుంచి ఫోన్ చేస్తుంది. మొత్తం ఓట్లు పక్కన పెట్టి, 270 మీద కన్నేయమంటాను. అధ్యక్షుణ్ణి చివరికి ఎన్నుకునేది రాష్ట్రాల తరఫున ఓటేసే ఎలక్టర్లు. వాళ్లు మొత్తం 538 మంది, గెలవాలంటే 270 మంది కావాలి. ఒక్కో రాష్ట్రానికి ప్రతినిధుల సభలో ఎన్ని సీట్లుంటే అంతమంది, సెనేటర్ల లెక్కన ఇంకో ఇద్దరు. రాజధాని వాషింగ్టన్‌కి ముగ్గురు. మేముండే టెక్సస్‌కి 40. ఇక్కడ స్వల్ప ఆధిక్యం వచ్చినా మొత్తం 40 గెలిచినవాళ్లకే. మెయిన్, నెబ్రాస్కా మాత్రం పంచి ఇస్తాయి.

2016లో హిల్లరీ క్లింటన్‌కి 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయింది ఇందుకే. నాకైతే ఇది అన్యాయమే.

టీవీ పెట్టగానే, ఎటైనా మొగ్గగల రాష్ట్రాలు పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ చూడండి. పెన్సిల్వేనియాలో పోస్టల్ ఓట్ల కవర్లు పోలింగ్ రోజు ఉదయం ఏడింటి దాకా తెరవకూడదు. అందుకే వాటి లెక్క ఆలస్యమై, రాత్రి కనిపించే ఆధిక్యం తర్వాత తారుమారు కావచ్చు. టెన్షన్ పడకుండా పడుకోండి.