కారు కొన్నావు సరే, రోడ్ టాక్స్ ఎవరు కట్టారు?

బ్రిటన్‌లో కారు కొన్నావు, సంతోషం. మిఠాయిలు తర్వాత పంచుదువుగాని ముందు ఒక్క మాట చెప్పు: రోడ్ టాక్స్ నువ్వు కట్టావా, అమ్మినాయన కట్టాడా? "ఆయన మార్చి దాకా కట్టేసే ఉంచాడన్నా" అన్నావంటే నీ కారుకు టాక్స్ లేనట్టే.

బ్రిటన్‌లో 2014 అక్టోబరు 1న రెండు మార్పులు ఒకేసారి తెచ్చారు. అద్దం మీద అంటించుకునే గుండ్రటి టాక్స్ కాగితం తీసేశారు. బండి చేతులు మారితే దానితో పాటు టాక్స్ మారడం కూడా ఆపేశారు. అమ్మినవాడు "అమ్మేశాను" అని డీవీఎల్ఏకి, అంటే స్వాన్సీలో ఉండే వాహనాల ఆఫీసుకి, చెప్పగానే అతని టాక్స్ రద్దవుతుంది. మిగిలిన పూర్తి నెలల డబ్బు అతనికే వాపసు వెళ్తుంది. కొన్నవాడు తన టాక్స్ తను కట్టుకున్నాకే బండి రోడ్డెక్కించాలి. మధ్యలో గడువంటూ ఏమీ లేదు. "పద్నాలుగు రోజులు టైముంటుందిలే" అని నీ రూమ్మేట్ చెప్పే ఉంటాడు. టాక్స్ లేని బండి చక్రానికి వేసే తాళాన్ని, అంటే క్లాంప్‌ని, తీయించే ఫీజులో సగం అతను భరిస్తాడేమో అడిగి చూడు.

మనవాళ్లు ఇందులో పడటం తెలివితక్కువతనం కాదు. మన దగ్గర సొంత కారుకు కొన్నప్పుడే లైఫ్ టాక్స్ కట్టేస్తాం. తర్వాత ఆ బండి ఎవరి చేతికి వెళ్లినా టాక్స్ ఊసు రాదు. ఆర్సీ పేరు మార్పు, ఇన్సూరెన్స్, పాత చలాన్లు ఏమైనా ఉన్నాయేమో చూసుకోవడం, అంతే. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా ఇంట్లో నాన్న, బాబాయి చేసింది అదే. కాబట్టి ఇక్కడ కూడా కారుతో పాటే టాక్స్ వచ్చిందనుకోవడం సహజం. సహజమే గాని, క్లాంప్ వేసేవాడికి నీ లైఫ్ టాక్స్ కథతో పని లేదు.

మొన్న మా వీధి చివర అద్దెకుండే కుర్రాడికి ఇదే జరిగింది. మాస్టర్స్ చదవడానికి వచ్చాడు. వారాంతంలో సెకండ్ హ్యాండ్ కోర్సా కొన్నాడు, వారం తిరక్కుండా ముందు చక్రానికి పసుపు రంగు క్లాంప్, అద్దానికి స్టిక్కర్. చలిలో చెప్పులతో వచ్చి మా తలుపు కొట్టాడు. "నేను చూసే కొన్నానన్నా, వెబ్‌సైట్‌లో టాక్స్ ఉన్నట్టే చూపించింది" అంటాడు. చూపించే ఉంటుంది! నంబరు కొడితే టాక్స్, ఎంఓటీ (బండి రోడ్డుకు పనికొస్తుందని ఏటా చేయించే పరీక్ష) వివరాలు చూపించే ఆ ప్రభుత్వ పేజీ అబద్ధం చెప్పదు. నువ్వు చూసిన రోజుకు బండి ఇంకా పాత యజమానిదే. టాక్స్ కూడా ఆయనదే. సాయంత్రం నువ్వు డబ్బిచ్చి ఇంటికి నడుపుకొచ్చేలోపు ఆయన ఫోన్లో అమ్మినట్టు నమోదు చేశాడు. వాపసు డబ్బు రావాలంటే ఆయన తొందరపడాలి మరి. మర్నాడు అదే పేజీ తెరిచి ఉంటే టాక్స్ లేదని కనపడేది. కొన్న తర్వాత ఎవరూ తెరవరు. నంబర్ ప్లేట్లు చదివే కెమెరాలు పెట్టుకుని వీధుల్లో తిరిగే వ్యాన్లు మాత్రం రోజూ చూస్తూనే ఉంటాయి.

ఇన్సూరెన్స్ గురించి నీకు పదిమంది చెబుతారు, నేను చెప్పను. గేర్‌బాక్స్ సంగతి, ఎన్ని మైళ్లు తిరిగిందనే సంగతి నీకే తెలుసు. నాకున్న బెంగల్లా ఆకుపచ్చ చీటీ గురించే.

ఇక్కడి ఆర్సీ లాంటి కాగితాన్ని లాగ్ బుక్ అంటారు. ఫారాల భాషలో వీ5సీ. అందులో కొత్తగా బండి తీసుకునేవాడి కోసం ఆకుపచ్చ రంగులో ఒక ముక్క ఉంటుంది. అమ్మినవాడు దాన్ని చింపి నీ చేతికివ్వాలి. దాని మీద 12 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరుంటే ఆయన ఇంటి గుమ్మం ముందు నిలబడి, నీ ఫోన్లో, నీ కార్డుతో టాక్స్ కట్టేయొచ్చు. ఆదివారమైనా సరే, అర్ధరాత్రయినా సరే. ఆ నంబరు లేకపోతే కారు నీది, తాళం నీది, డబ్బు కూడా పోయింది, అయినా ఆ పూట టాక్స్ కట్టే దారి ఉండదు. చీటీ మీద చెయ్యి పడేదాకా డబ్బు పంపొద్దని మళ్లీ మళ్లీ చెప్పేది అందుకే.

అమ్మేవాళ్లు చెప్పే మాటలు కూడా ముందే విను. "మొత్తం లాగ్ బుక్ నేనే పోస్టులో పంపేస్తాలే, నీకెందుకు శ్రమ." వద్దు. "అది మా అమ్మవాళ్లింట్లో ఉండిపోయింది, రేపు ఫోటో పెడతా." అయితే రేపే కొంటానని చెప్పు. "ఆన్‌లైన్‌లో చెప్పేశాను, ఇంక చీటీ అక్కర్లేదు." నీకు అక్కర్లేదని చెప్పడానికి ఆయనెవరు? మర్యాదగా, కాని గట్టిగా అడుగు. మనకు అపరిచితుల దగ్గర, అందులోనూ ఇంగ్లీషులో, గట్టిగా అడగడానికి మొహమాటం. టీ కూడా ఇచ్చాడు పాపం, ఏం అడుగుతాం అనుకుంటాం. టీ తాగు, చీటీ అడుగు.

ఈ బెంగ నాకు ఊరికే రాలేదు. నేను లెస్టర్‌లో దిగిన మొదటి చలికాలం వేర్‌హౌస్‌లో పొద్దున షిఫ్టు. దానికి వేళకు అందే బస్సు లేదు. కారు కొన్నాక అమ్మినాయన లాగ్ బుక్కంతా అప్పటికే కవర్లో పెట్టి పోస్టు డబ్బాలో వేసేశానన్నాడు, మంచి పని చేసినట్టు నవ్వుతూ. పోస్టులో వెళ్లిన కాగితం వారాల తరబడి తిరిగి రాదు. టాక్స్ లేని కారును వీధిలో పెట్టే ధైర్యం నాకు లేదు. డబ్బంతా ఇచ్చేసిన నా కారు ఆయన ఇంటి ముందున్న సొంత జాగాలోనే ఉంది, ఆయన భార్య రోజురోజుకీ ముఖం మాడ్చుకుంటోంది, నేనేమో చీకట్లో రెండు బస్సులు మారుతూ తిరిగాను. చివరికి వాహనాల పనులు చూసే పోస్టాఫీసు ఒకటి వెతుక్కుని, కొత్త లాగ్ బుక్ కోసం పెట్టే వీ62 అనే ఫారం నింపి టాక్స్ కట్టాకే బండి బయటికొచ్చింది. చీటీ లేకుండా ఆ ఫారం పెడితే ఇప్పుడు 25 పౌండ్లు తీసుకుంటారు. అన్ని పోస్టాఫీసులూ ఈ పని చేయవు, వెళ్లేముందు కనుక్కో.

సరే, క్లాంప్ పడిపోయిందనుకుందాం. మొదట స్టిక్కర్ చదువు. వేసింది డీవీఎల్ఏ తరఫువాళ్లేనా చూడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటు స్థలాల్లో పార్కింగ్ కంపెనీలు క్లాంపులు వేయడాన్ని 2012 అక్టోబరు నుంచి చట్టం ఆపేసింది. అలాంటి కంపెనీ ఏదైనా వేసి డబ్బడిగితే అది వేరే గొడవ. డీవీఎల్ఏకి మాత్రం ఆ అడ్డు లేదు, ఫ్లాట్ల కార్ పార్కులో పెట్టినా వేయగలదు. ఇంకొకటి కూడా జరుగుతుంటుంది. పాత యజమాని పార్కింగ్ జరిమానాలు ఎగ్గొట్టి ఉంటే వసూలుకు వచ్చిన ఏజెంట్లు నంబర్ ప్లేటు చూసి క్లాంప్ వేస్తారు. ఆ బాకీ నీది కాదు. తేదీ, సంతకం ఉన్న కొనుగోలు రసీదు చూపిస్తేనే ఆ మాట నిలబడుతుంది. లాగ్ బుక్‌లో పేరున్నంత మాత్రాన యజమాని అని రుజువు కాదని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. కాబట్టి తెల్ల కాగితం మీదైనా రసీదు రాయించుకో.

టాక్స్ క్లాంపే అయితే, తీయించడానికి 100 పౌండ్లు. స్టిక్కర్ మీదున్న నంబరుకు ఫోన్ చేసి కట్టాలి. దీనికి 24 గంటలే టైము. ఈలోపు టాక్స్ కూడా కట్టేయ్. కట్టలేకపోతే కారుకు ఇంకో 160 పౌండ్లు పూచీగా అడుగుతారు. 15 రోజుల్లో టాక్స్ కట్టినట్టు చూపిస్తే అది తిరిగిస్తారు. ఇక్కడే చాలామంది ఆలోచనలో పడతారు. బంధువులకు ఫోన్లు, వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు, "రేపు లాయరుని అడుగుదాం" లాంటి సలహాలు. ఒక్క రోజు దాటితే కారును లారీ మీద యార్డుకు ఎత్తుకుపోతారు, ఫీజు 200 అవుతుంది, దాని మీద రోజుకు 21 పౌండ్లు యార్డు అద్దె. అలాగే వదిలేస్తే అమ్మేస్తారు, లేకపోతే తుక్కు చేస్తారు. అన్యాయం జరిగిందని నీకు నమ్మకముంటే ముందు కట్టి విడిపించుకుని తర్వాత వాదించు. కట్టర్ తెచ్చి కోసేద్దాం అనే స్నేహితుడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. వాణ్ణి లోపలికి పంపి తలుపేసెయ్. క్లాంప్ పాడుచేస్తే టాక్స్ గొడవ కాస్తా నేరమవుతుంది.

టాక్స్ ఎంతంటావా? 2017 ఏప్రిల్ తర్వాత రిజిస్టరైన మామూలు కారుకు 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 195 పౌండ్లు ఉండేది. అంతకుముందు, 2001 నుంచి రిజిస్టరైనవాటికి పొగ లెక్కను బట్టి మారుతుంది. "ఇది టాక్స్ లేని డీజిల్" అని అమ్మే పాత చిన్న కార్లకు కూడా ఇప్పుడు 20 పౌండ్లు ఉంది. ఎలక్ట్రిక్ కార్లకు మినహాయింపు కూడా 2025 ఏప్రిల్ 1తో పోయింది. ఒకేసారి కట్టలేకపోతే నెలనెలా బ్యాంకు నుంచి పోయేలా పెట్టుకో, 5 శాతం ఎక్కువ పడుతుంది. ఎంఓటీ అయిపోయిన కారుకు టాక్స్ తీసుకోరు, అది కూడా ముందే చూసుకో. నెలాఖరున కొనకు. నువ్వు 29న కట్టినా లెక్క ఒకటో తేదీ నుంచే మొదలవుతుంది, అమ్మినవాడికి ఆ నెల డబ్బు రాదు. ఒకే నెలకు సర్కారు ఇద్దరి దగ్గరా తీసుకుంటుంది. ఒకటో తేదీ దాకా ఆగమంటే అమ్మేవాడు కూడా ఒప్పుకోవచ్చు, అడిగి చూడు.

టాక్స్ కట్టేటప్పుడు గవ్ డాట్ యూకే అని ఉన్న ప్రభుత్వ పేజీలోనే కట్టు. వెతికితే పైన కనిపించే ప్రకటనల్లో కొన్ని నీ పని తాము చేసిపెట్టినందుకు అదనంగా గుంజుతాయి. "మీ టాక్స్ చెల్లింపు విఫలమైంది, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వస్తే అది మోసం. క్లాంప్ భయంలో ఉన్నవాడే దాన్ని ముందు నొక్కుతాడు.

అడ్రస్ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మనం మొదటి ఏడాది ఇళ్లు మారుతూనే ఉంటాం. టాక్స్ గుర్తుచేసే ఉత్తరం లాగ్ బుక్ మీదున్న అడ్రస్‌కే వస్తుంది. నేనున్న షేరింగ్ ఇంట్లో పాత కిరాయిదార్ల ఉత్తరాలు హాల్లో చెప్పుల పక్కన కుప్పగా పడుండేవి, ఎవరూ తెరిచేవాళ్లు కాదు. టాక్స్ ఆలస్యమైనందుకు 80 పౌండ్ల పెనాల్టీ నోటీసు కూడా అలాంటి కుప్పలోకే వచ్చి పడుతుంది. 33 రోజుల్లో కడితే 40తో పోతుంది. తెరిస్తే కదా తెలిసేది. ఇల్లు మారిన వెంటనే ఆన్‌లైన్‌లో అడ్రస్ మార్చు, రుసుమేమీ లేదు. మార్చకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు.

ఇంతా చదివి భయపడ్డావా? మా వీధి కుర్రాడు వణికింది కూడా డబ్బుకు కాదు, వీసా పోతుందని, లైసెన్సు పోతుందని. సరే, చెబుతాను. టాక్స్ లేనందుకు లైసెన్సు మీద పాయింట్లు పడవు. క్లాంప్ ఫీజు కట్టడం కోర్టు శిక్ష కాదు, 80 పౌండ్ల పెనాల్టీ కూడా కాదు. కోర్టు పేరుతో ఉత్తరం వస్తే మాత్రం దాన్ని పక్కన పెట్టకు, గడువులోపు జవాబివ్వు. అతనికి ఆకుపచ్చ చీటీ ఉంది, అదృష్టం. బ్యాగులో పాత బిల్లుల మధ్య మడిచి పెట్టుకున్నాడు. మా సోఫాలో కూర్చునే టాక్స్ కట్టాడు, ఫోన్లో ఫీజు కట్టాడు, సాయంత్రానికి వాళ్లొచ్చి క్లాంప్ తీసేశారు. డబ్బు పోయింది నిజమే, ఒక నెల బయట తినడం మానేస్తే సరిపోతుంది.

అమ్మినవాడు ఆన్‌లైన్‌లో చెప్పుంటే నీ పేరు మీద లాగ్ బుక్ వారం పది రోజుల్లో వస్తుంది. రాగానే పేరు చూసుకో, మన ఇంటిపేర్లు తారుమారు చేస్తారు. నాలుగు వారాలైనా రాకపోతే వీ62 ఫారంతో పాటు ఆకుపచ్చ చీటీ జత చేసి పంపు. చీటీ ఉంటే ఆ 25 పౌండ్లు కూడా కట్టక్కర్లేదు. టాక్స్ కట్టేశానని దాన్ని చెత్తబుట్టలో వేయకు.