నడుము ఆపరేషన్‌కు వెళ్లే ముందు మనసు సంగతి: జాగ్రత్తలు

వరి నూర్పులయ్యాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి చాలామంది ఏళ్లనాటి నడుము నొప్పికి ఆపరేషన్‌కో, వెన్నులో ఇంజెక్షన్‌కో విశాఖ బయల్దేరతారు. ముందు ఇవి చూసుకోండి.

• "చచ్చిపోతే బాగుణ్ణు" అనిపిస్తుంటే డాక్టరుకు మొట్టమొదట చెప్పాల్సింది అదే. డిప్రెషన్‌కు వైద్యం లేకుండా వెళ్తే, ఆపరేషన్ సక్రమంగా జరిగినా నొప్పి తగ్గకపోవచ్చు. ఆశ పోయినవాళ్లకు ఆ దెబ్బ ప్రాణాల మీదికి తేవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

• పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నలు) ఇచ్చినప్పుడు కొడుకో కోడలో పక్కన లేకుండా చూడండి. వాళ్ల ముందు మన పెద్దవాళ్లు "ఏటీ లేదు, బాగానే నిద్ర పడతంది" అనేస్తారు.

• నిద్రమాత్రలు, ట్రమడాల్ (గట్టి నొప్పి మాత్ర), మద్యం అలవాటు దాచొద్దు. మత్తు డోసు, తర్వాతి నొప్పి మందులు వాటిని బట్టే ఉంటాయి. సొంతంగా ఒక్కసారి మానేయడమూ ప్రమాదమే.

• మానసిక వైద్యుల దగ్గరకు పంపితే నొప్పిని నాటకమన్నట్టు కాదు. నొప్పి నిజమే. భయం, దిగులు దాన్ని ఇంకా పెంచుతాయి.

• కాలు చచ్చుబడుతున్నా, మూత్రం రాకపోయినా ఈ పరీక్షల కోసం ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.