రాయిలో బెజ్జం సగంలో ఆగిపోతోందా? నొక్కే ముందు నీళ్ల రంగు చూడండి

అకీకు, జాస్పర్, స్ఫటికం లాంటి గట్టి రాళ్ల గురించే ఇక్కడ చెబుతున్నాను. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోహ్స్ కొలమానంలో ఇవి 7 దగ్గర ఉంటాయి. ముత్యం, పగడం చాలా మెత్తన, వాటి పద్ధతి వేరు. రోటరీ టూల్ (బిట్‌ను, అంటే తొలిచే మొనను, వేగంగా తిప్పే చేతి యంత్రం) పట్టుకోవడం, రాయిని చెక్కముక్కకు అతికించి నీళ్ల ట్రేలో పెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఇనుముకు వాడే మామూలు స్టీలు బిట్‌తో ప్రయత్నిస్తుంటే మాత్రం ఇక్కడే ఆపి, డైమండ్ బిట్ (వజ్రపు రేణువులు అంటించినది) కొనుక్కురండి.

బిట్ జారి పక్కకు పోతోంది

నున్నటి రాయి మీద బిట్‌ను నిటారుగా పెడితే జారక ఏం చేస్తుంది? కాస్త ఏటవాలుగా ఆనించి చిన్న గాటు పడనిచ్చి, తిరుగుతుండగానే మెల్లగా నిలబెట్టండి.

రెండు మూడు మిల్లీమీటర్లు దిగి ఆగిపోయింది

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. రాయి నీళ్లలో మునిగే ఉంది, బిట్ కొత్తది, అయినా దిగడం లేదంటారు. దిగకపోయేసరికి బలంగా నొక్కుతారు. కాసేపటికి బిట్ పాడవుతుంది, లేదా రాయి పగులుతుంది. నింద మాత్రం బిట్ అమ్మినవాడి మీద పడుతుంది.

అసలు దొంగ రాతిపిండి. బెజ్జం లోతయ్యేకొద్దీ అరిగిన పిండి పైకి రాలేక బిట్ చుట్టూ ముద్దలా బిగుసుకుంటుంది. ఇక నీళ్లు అడుగుకు దిగవు. పైకి రాయంతా తడిగానే కనిపిస్తుంది, లోపల బిట్ కొన పొడిగా తిరుగుతూ కాలిపోతుంటుంది. చవక డైమండ్ బిట్లలో వజ్రపు రేణువులు ఒకే పొరగా, నికెల్ పూతతో అంటుకుని ఉంటాయి. పొడిగా నొక్కి తిప్పితే ముందు కొన బోడిదవుతుంది. పక్కలు మెరుస్తూనే ఉంటాయి కాబట్టి బిట్ బాగానే ఉందనుకుంటాం. భూతద్దంలో కొన చూస్తే తెలిసిపోతుంది.

అంతకంటే తేలికైన పరీక్ష ఇంకోటి ఉంది, దాన్నే ఎవరూ చేయరు. బిట్ పైకి తీసినప్పుడల్లా బెజ్జంలోంచి పాలలాంటి నీళ్లు రావాలి. ఎర్ర జాస్పర్ అయితే కాస్త ఎర్రగా వస్తాయి. తేటగా వస్తున్నాయంటే బిట్ కోయడం లేదు, రుద్దుతోంది అంతే.

రెండు మూడు సెకన్లకోసారి, తిరుగుతుండగానే బిట్‌ను బెజ్జంలోంచి పూర్తిగా బయటికి తీయండి. కొంచెం ఎత్తితే చాలదు. నీళ్లు లోపలికి దూరాక మళ్లీ దించండి. పిండి ఇప్పటికే బిగుసుకుంటే సిరంజితో నీళ్లు చిమ్మండి. బిట్ సందుల్లో పిండి పట్టేసి ఉంటే కార్బోరండం సానరాయిలో నాలుగైదుసార్లు దించితే మళ్లీ కోస్తుంది. బోడి అయిన కొనకు మాత్రం ఏ వైద్యమూ లేదు, పారేయండి.

గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు పూసలు తొలిచేవాళ్లు విల్లుతో తిప్పే డ్రిల్‌కి కూడా నీళ్లు చుక్కచుక్కగా అందేలా చూసుకుంటారు. నీళ్లు లేకుండా చేస్తే పోయేది బిట్ ఒక్కటే కాదు. ఆ ఊళ్లో అకీకు పని చేసేవాళ్లకు రాతి ధూళి వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావడం అందరికీ తెలిసిన విషయమే. ఇంకో మాట, నీళ్ల పక్కన కరెంటు వైరున్న టూల్‌ను తడి చేత్తో పట్టుకోకండి. ఫ్లెక్స్ షాఫ్ట్ (మోటారు దూరంగా ఉండి, వంగే గొట్టం చివర పిడి ఉండేది) గానీ బ్యాటరీ టూల్ గానీ మేలు.

అవతలి వైపు పెచ్చు లేచింది

రెండు వైపుల నుంచీ సగం సగం తొలవండి. రాయి ఆకారం వల్ల కుదరకపోతే, చివరి మిల్లీమీటరు దగ్గర బిట్ బరువు తప్ప చేతి బరువు పడనీయకండి.

మిగతావి

రాయిలో ముందే పగులు ఉండటం, కొలెట్ (టూల్‌లో బిట్‌ను పట్టి ఉంచే బిగింపు) వదులై బిట్ ఊగడం అరుదు. మొదటిది వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తెలుస్తుంది, రెండోది బిగిస్తే పోతుంది. ఇక, ఫిరోజా (టర్కాయిస్) అని కొన్న రాయిలో బిట్ వెన్నలోకి దిగినట్టు దిగి, బెజ్జం లోపల తెల్లగా కనిపిస్తే పని ఆపి కొన్న కొట్టుకు వెళ్లండి. రంగు వేసిన హౌలైట్ అనే తెల్లటి మెత్తటి రాయిని ఆ పేరుతో అమ్మడం మామూలే.